మరమగ్గానికి కట్టిన బంగారు గడియారం

మా ఇంటి అల్లుడి ముందు ఎత్తకూడని మాటలు నాలుగున్నాయి: గడియారం, మగ్గం, జంపఖానా, ఇంజనీరు. మొదటి మూడూ వస్తువులు. నాలుగోది నేను. ఈ నాలుగూ ఒక్కచోట కలిస్తే ఎంత ఉపద్రవం పుడుతుందో ఇప్పుడు చెప్పబోతున్నాను. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, ఆస్తిపరుడైన బావ ఉన్నవాళ్ళు కాస్త ఆలోచించుకుని చదవండి.

నేను మెకానికల్ ఇంజనీరును. లిఫ్టులు బిగించి, అవి మొరాయిస్తే బుజ్జగించే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. మట్టెవాడలో మా ఇల్లు. ముందుగదిలో మేముంటాం, వెనకగదిలో మరమగ్గం ఉంటుంది, బాపు దాన్ని సాంచె అంటాడు. చప్పుడును బట్టి చూస్తే ఇల్లు దానిది, మేము అద్దెకున్నవాళ్ళం. బాపు దానిమీద జంపఖానాలు నేస్తాడు. పుట్టిన దగ్గరనుంచి ఆ టకటకలో పెరగడం వల్లనేమో, నాకు ఏ పనైనా మనసులో అంకెలు వేసుకుని చేసే జబ్బు పట్టుకుంది. ఒకటి, లేవడం. రెండు, దుప్పటి మడవడం. మూడు, అమ్మచేత తిట్లు తినడం. ఇంత పద్ధతిగా బతికేవాడు తప్పులు చేయడని మీరనుకోవచ్చు. చేస్తాడండీ. వరుసక్రమంలో చేస్తాడు.

రెండో జబ్బు కాలేజీలో తగిలింది. బంగారు చేతిగడియారాల వీడియోలు చూడడం. కొనే తాహతు ఉండి కాదు, చూసే డేటా ఉండి. పాతకాలపు పద్ధతిలో చేసిన బంగారు గడియారం ఎందుకంత అందంగా ఉంటుందో అడగండి, భోజనం మానేసి చెబుతాను. దానికి బ్యాటరీ ఉండదు. లోపల అరచందమామ ఆకారంలో ఒక బరువు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగుకు తానే కీ ఇచ్చుకుంటుంది. అంటే మనిషి బతికి కదులుతున్నంత కాలం గడియారం నడుస్తుంది. తీసి పక్కన పెడితే రెండురోజుల్లో ఆగిపోతుంది. ఇంత సున్నితమైన పనితనం, పైన ఇంత బంగారం. తాజా మీగడ రంగు ముఖం, సన్నని ముళ్ళు, వేలితో నిమిరితే జారిపోయే గొలుసు. నేను కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ గడియారం పెట్టుకుని ఈ వీడియోలు చూసేవాణ్ణి. కారం మెతుకులు తింటూ పెళ్ళి విందు వాసన చూసినట్టన్న మాట.

అలాంటి గడియారం మా బావ చేతికి ఉంది.

మా అక్క మొగుడు శంకర్ బావ హన్మకొండలో ప్లాట్లు అమ్ముతాడు. అందరూ ఎడమచేతికి పెట్టుకుంటే ఆయన కుడిచేతికి పెట్టుకుంటాడు. ఎందుకంటే కారు కిటికీలోంచి బయటకు పెట్టే చెయ్యి అది. ప్లాటు హద్దులు చూపించేటప్పుడు చెయ్యెత్తి తూర్పు చూపిస్తాడు, పడమర చూపిస్తాడు. కొనేవాడు హద్దురాళ్ళను చూడడు, మణికట్టునే చూస్తాడు. ఆ గడియారం పెట్టుకున్న రోజునుంచే తన దశ తిరిగిందని బావకు గట్టి నమ్మకం. "నా గడియారం ఇంతవరకు ఒక్కసారి ఆగలే, నా వ్యాపారం ఆగలే" అంటాడు. రాత్రి పడుకునేటప్పుడు కూడా తీయడు. నిద్రలో చేతులూపుతాడని అక్క చెబుతుంది. అది అలవాటో, కీ ఇవ్వడమో మాకు తెలియదు.

ఇట్లా ఉండగా బావ అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, నేలమీద పడక. అన్నీ బాగానే ఉన్నాయిగాని వర్ధన్నపేట నుంచి వచ్చిన గురుస్వామి బావ చేతికేసి చూసి ఆగిపోయాడట.

"స్వామీ, గీ బంగారం పెట్టుకొని చాప మీద పండుకుంటరా?"

అంతే. మరునాడు పొద్దున్నే బావ మా ఇంటికి వచ్చాడు. మాలలో ఉన్నవాళ్ళు అందరినీ స్వామి అనాలి, కోపం తెచ్చుకోకూడదు, తిట్టకూడదు. కాబట్టి ఆ రోజు బావ మొదటిసారి నన్ను గౌరవించాడు.

"స్వామీ, మీరు ఇంజనీరు గద. దీన్ని మీరు చేతికి పెట్టుకోండ్రి. నా దీక్ష అయ్యేదాక ఇది ఆగద్దు."

"ఆగదు బావా."

"స్వామి అనాలె."

"ఆగదు స్వామీ."

"ఒక్క నిమిషం సుత ఆగద్దు. ఆగిందంటే..." అని బావ మాల పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మిగిలిన వాక్యం స్వామికి వదిలేశాడు.

ఆయన వెళ్ళాక బాపు నన్ను పక్కకు పిలిచాడు. "కొడుకా, అల్లుడు అలిగిండంటే మల్ల మన ఇంట్ల అన్నం ముట్టడు. మీ అక్క పండుగకు సుత రాదు. ఆ గడియారం నీది కాదు, నా ఇజ్జత్. ఎరుకేనా?"

"ఫికర్ చెయ్యకు బాపూ. నాకు దాని గురించి అంతా ఎరుకే."

అంతా ఎరుకే! ఈ మాట అన్న ప్రతివాడికీ దేవుడు ఒక పరీక్ష పెడతాడు. సిలబస్‌లో లేనిది పెడతాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను బతికిన బతుకు చెప్పుకుంటే సిగ్గు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నేను మిట్టమధ్యాహ్నం ఫుల్‌చేతుల చొక్కా మోచేతిదాకా మడిచాను. టీకొట్టు దగ్గర ఎవరూ అడక్కపోయినా "ఓహో, పదిన్నరయిందా" అని నాకు నేనే ఆశ్చర్యపోయేవాణ్ణి. తల దువ్వుకోవడం, మీసం సవరించుకోవడం, లేని దోమలను తోలడం, అన్నీ ఎడమచేత్తోనే. ఇదివరకు "ఏయ్ లిఫ్టూ" అని పిలిచే అపార్ట్‌మెంటు సెక్రటరీ "రండి సార్, ఫ్యాను కింద కూర్చోండి" అన్నాడు. మా మేనేజరు మాత్రం గడియారాన్ని, నన్ను మార్చి మార్చి చూసి, "నీకు జీతం చాలుతలేదంటే నేనెట్ల నమ్మాలె తమ్మీ?" అన్నాడు. ఎరువు సొమ్ము బరువు చేటు అని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్ళలో ఎవడో బావ గడియారం పెట్టుకునే ఉంటాడు.

అప్పుడు పరకాల పని తగిలింది. అక్కడ కొత్త షాపుల కాంప్లెక్సులో లిఫ్టు బిగించాలి. మూడురోజులు అక్కడే ఉండాలి. లిఫ్టు గోతిలో పనిచేసేవాడి ఒంటిమీద ఉంగరం, గొలుసు, గడియారం ఏదీ ఉండకూడదని మా కంపెనీ రూలు. తీసి ఇంట్లో పెడితే గడియారం ఆగుతుంది. ఆగితే బావ దశ ఆగుతుంది. దశ ఆగితే బావ అలుగుతాడు.

అమ్మ చాలా తేలికగా తేల్చేసింది. "గంతేనా? ఇటియ్యి. మూడ్రోజులు నేను పెట్టుకుంట."

"అమ్మా, అది ఊరికే పెట్టుకుంటే సరిపోదే. చెయ్యి లెక్క ప్రకారం కదలాలె."

"నేను పొద్దుగూకులు బోళ్ళు తోముతాన్న, బట్టలు పిండుతాన్న, నూలు కండెలు చుడ్తాన్న. నా చెయ్యి కదుల్తలేదా?"

"కదులుతది. కాని ఒక్కతీరుగ కదలదు."

"నీ నాలుక కదిలినట్టు కదలదులే కొడుకా" అని లేచిపోయింది.

అసలు గడియారం పక్కనున్న చిన్న మరను రోజూ నాలుగు తిప్పులు తిప్పితే చాలు. ఆ సంగతి నాకు తెలుసు. కాని అది మామూలువాళ్ళు చేసే పని. ధనవంతులు ఇలాంటి గడియారాల కోసం ఒక పెట్టె కొంటారు. అది కరెంటుతో తిరుగుతూ, గడియారాన్ని ఊయలలో పిల్లాడిలా ఊపుతుంది. అలాంటి యంత్రం మనకెక్కడిది అని నిట్టూరుస్తుండగా, వెనకగదిలోంచి టకటక, టకటక.

పాఠకుల్లో ఇంజనీర్లు ఎవరైనా ఉంటే ఈపాటికి కళ్ళు మూసుకుని ఉంటారు.

మరమగ్గంలో పోగును కొట్టి నేతకు దగ్గర చేర్చే ఒక పొడవాటి చెక్క ఉంటుంది. అది రోజంతా ముందుకూ వెనక్కూ ఊగుతుంది, మనిషి నడుస్తూ చెయ్యి ఊపినట్టే. మనిషి పరిగెత్తుతూ ఊపినట్టు. సరిగ్గా చెప్పాలంటే, కందిరీగలు తరిమితే ఊపినట్టు. ఆ చిన్న తేడాను నేను "ఇంకా మంచిది, కీ బాగా ఎక్కుతుంది" అని లెక్కలో కలుపుకున్నాను. గడియారాన్ని అమ్మ పాత చీరముక్కలో చుట్టి, నూలుతాడుతో ఆ చెక్క అంచుకు కట్టాను. నా ముడి బలం మీద నాకెంత నమ్మకమంటే, దానికి ఫోటో కూడా తీసుకున్నాను.

"గా మూటేందిరా?" బాపు అడిగాడు.

గడియారమని చెబితే వీపు పగులుతుంది. "బేరింగు బాపూ. కంపెనీది. టెస్టు చేస్తాన్న."

"నా సాంచె మీదనా మీ కంపెనీ టెస్టు?"

"మూడ్రోజులే. ముట్టుకోకు."

"నాకేం పని? నేను అల్లుని పడిపూజకు జంపఖానా నేస్తాన్న. స్వాములందరు కూసునేటంత పెద్దది. ఎడం చేతి పనులు నాకు చెప్పకు" అని బాపు మగ్గం ఆన్ చేశాడు. మూట ఊగింది. నేను సొంత కూతురి నాట్యం చూస్తున్న తండ్రిలా ఉప్పొంగిపోయి పరకాల బస్సెక్కాను.

మూడోరోజు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇల్లు విచిత్రంగా ఉంది. నిశ్శబ్దంగా ఉంది. వెనకగదిలోకి వెళ్ళాను. మగ్గం ఆగి ఉంది. చెక్క అంచున రెండు అంగుళాల నూలుతాడు వేలాడుతోంది. నా ముడి అలాగే ఉంది, చెక్కుచెదరలేదు. ముడికి అవతల ఉండాల్సినది మాత్రం లేదు.

మగ్గం కింద పాకాను. దూది పీచులో తల పెట్టి వెతికాను. కండెల బుట్ట బోర్లించాను. పీచుతో మీసాలు తెల్లబడి, బయటికొచ్చి బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, నా మూటేది?"

"అగో, నేను సుత చూసిన. నిన్న మాపు చాయ్ తాగి వచ్చే వరకు లేదు. ఎలుక గుంజుకపోయిందనుకున్న."

"సాంచె నడుస్తనే ఉండెనా?"

"నడవక? ఆపితే పూజకు అందుతదా? ఇయ్యాల పొద్దుగాల జంపఖానా కోసి, చుట్టి, ఆటోల వేసుకొని అల్లుని ఇంటికొచ్చిన. మంచిగొచ్చిందిరా. ఒక్కకాడ జర ఎత్తుగ అనిపిచ్చింది గని, పొద్దు లేదు, చూడలే. ఎందుకు, ఆ బేరింగు బాగ పిరమా? ఎన్ని పైసలైతయి?"

నేను అప్పుడు మెట్లమీద కూర్చున్నాను. ఏం జరిగిందో బొమ్మలా కనిపించింది. తాడు తెగింది. మూట నేత అంచుమీద పడి కిందికి జారింది. తెగిన తాడు కొస పోగుల్లో చిక్కుకుంది. చెక్క వచ్చి దాన్ని కూడా పోగులాగే భక్తిగా కొట్టి బిగించింది. మూట జంపఖానా అడుగున వేలాడుతూ, నేసిన బట్టతో పాటు రోలరుకు చుట్టుకుపోయింది. అంటే బావ గడియారం బావ ఇంటికే వెళ్ళింది, మామగారి కానుకకు అతుక్కుని. ఇప్పుడు దానిమీద ఎవరో ఒక స్వామి కూర్చోబోతున్నాడు.

నేను హన్మకొండ చేరేసరికి పూజ మొదలైపోయింది. హాలు నిండా స్వాములు. పూలతో పద్దెనిమిది మెట్లు, దీపాలు, కర్పూరం. మా బాపు జంపఖానా ఎరుపు పసుపు చారలతో గోడనుంచి గోడకు పరుచుకుని ఉంది. దానిమీద నల్లబట్టల స్వాములు అంగుళం ఖాళీ లేకుండా కూర్చుని భజన చేస్తున్నారు. మెట్ల దగ్గర బావ, మొహమంతా విభూతి, నావైపు చూసి చిరునవ్వుతో చెయ్యెత్తాడు. ఖాళీ మణికట్టు. నేనూ చెయ్యెత్తబోయి, నా మణికట్టూ ఖాళీయేనని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాను.

"లెవ్వండి, మీ కింద వెతకాలి" అని ముప్పైనలభై మంది స్వాములతో ఎలా అనడం? అప్పుడు మళ్ళీ నా బుర్ర పనిచేసింది. మాల వేసుకున్న స్వాములకు ఎవరైనా పాదాభివందనం చేయవచ్చు కదా! మొదటి స్వామి ముందు మోకరిల్లాను. ఒక చెయ్యి ఆయన పాదాల మీద, రెండో చెయ్యి చుట్టుపక్కల జంపఖానా మీద. చదునుగా ఉంది. రెండో స్వామి. చదును. మూడో స్వామి మోకాలి కింద ఏదో గట్టిగా తగిలింది. ఆశగా నొక్కాను. ఆయన ఫోను.

"శరణమయ్యప్ప" అన్నాడాయన, ఫోను జేబులోకి తోసుకుంటూ.

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. "ఆ పిలగాడు ఎవలు? ఒక్కొక్కలకు మొక్కుతాండు!" "శంకర్‌స్వామి బామ్మర్దట." "గీ కాలంల గింత భక్తి!" ఒక ముసలామె నన్ను చూపించి తన మనవడికి రెండు తగిలించింది. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలో అంతకుముందే తిరుగుతున్నాయి.

అక్క ప్రసాదం గిన్నెతో వచ్చి నా చెవిలో అంది, "ఏం నటిస్తానవ్‌రా? కాళ్ళు మొక్కుతానవా, కిందేమన్న పోగొట్టుకున్నవా?"

"గడియారం."

"ఎవల గడియారం?"

నేను బావ వైపు చూశాను. అక్క గిన్నె కింద పెట్టేసింది. "మాల మెడలున్నంత సేపు ఆయన నిన్నేమనడు. ఆ తెల్లారి నుంచి మాత్రం నాకు తమ్ముడున్నడని ఎవ్వలకు చెప్ప" అంది. పుట్టింటి ప్రేమ అంటే ఇదే.

వరసలన్నీ అయిపోయాయి. మిగిలింది ఒక్కరే. మెట్లకు ఎదురుగా, అందరికన్నా ముందు, అందరికన్నా విశాలంగా కూర్చున్న గురుస్వామి. ఆయన ఒకవైపుకు ఒరిగి ఉన్నాడు. నిండు బస్తాలో ఏదో ఒకచోట పొడుచుకొస్తే బస్తా ఎట్లా ఒరుగుతుందో, అట్లా.

పాదాల మీద పడ్డాను. భజన ఆగింది.

"స్వామీ, మీరు జర లేవాలె."

"ఎందుకు స్వామీ?"

"మీ కింద మా బావ దశ ఉన్నది స్వామీ."

గురుస్వామి ముఖం వెలిగిపోయింది. "అగో! అందుకేనా? కూసున్నప్పటి సంది తొడకింద ఒక్కతీరుగ గుచ్చుతాంది. స్వామి నన్ను పరీక్ష చేస్తాండనుకొని ఓర్చుకుంటాన్న!"

ఇద్దరు స్వాములు పట్టి ఆయన్ను లేపారు. జంపఖానా అంచు ఎత్తి, వంగి లోపలికి పాకాను. అక్కడ, నేతలోంచి బొడ్డుతాడులా వేలాడుతూ, అమ్మ చీరముక్క. నేను కట్టిన తాడు మూడురోజులు ఆగలేదు గాని, మగ్గం పొరపాటున నేసిన తాడును మాత్రం పీకలేకపోయాను. అక్క కత్తెర తెచ్చింది. ఆ కత్తెరను తమ్ముడి మీద వాడకపోవడం ఆమె సంస్కారం.

మూట విప్పాను. బంగారం. గొలుసు సందుల్లో ఎర్రపీచు, పచ్చపీచు. అద్దం మీద అడ్డంగా ఒక గీత. చెవి దగ్గర పెట్టుకున్నాను. నడుస్తోంది!

"నడుస్తాంది బావా! ఆగలే! ఒక్క నిమిషం సుత ఆగలే!" అని అరిచాను.

నడుస్తోంది, నిజమే. కాని సెకండ్ల ముల్లు నడవడం లేదు, ఉరుకుతోంది. మగ్గం దెబ్బలకు లోపల వెంట్రుకంత సన్నని స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోయినట్టున్నాయి. మేం చూస్తుండగానే అది తొందరతొందరగా నిమిషాలు మింగేస్తోంది. ఎవరో తరుముతున్నట్టు. కందిరీగల సంగతి దానికింకా గుర్తున్నట్టు.

బావ దగ్గరికొచ్చాడు. గడియారాన్ని చూశాడు. పీచును చూశాడు. కింద పరిచిన జంపఖానాను, దాన్ని నేసిన మా బాపును, చివరికి నన్ను చూశాడు. బాపు అప్పటికే నా వంక చూస్తూ గొణుగుతున్నాడు: "బేరింగు! బేరింగన్నడు కొడుకు!"

బావ పెదాలు కదిలాయి. లోపల ఎంత పెద్ద మాట తయారైందో మెడ నరాలు చెబుతున్నాయి. గురుస్వామి మెల్లగా, "శాంతి స్వామీ, శాంతి" అన్నాడు.

"స్వామీ..." అన్నాడు బావ. "మీరు... మా గడియారాన్ని... సాంచెకు కట్టిన్రా స్వామీ?"

"కట్టిన స్వామీ."

"మీ... మీ తెలివికి... శరణం స్వామీ." రెండు చేతులూ జోడించాడు. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా జోడించాడు. "మాల తీసినంక మీ ఇంటికొస్త స్వామీ. తీరిపారంగ మాట్లాడుకుందాం స్వామీ." ఒక మనిషిని "స్వామీ" అన్న మాటతో అన్నిసార్లు కొట్టవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఇల్లు చేరకముందే లెక్క వేశాను. బావ దీక్ష ఇంకొన్ని రోజుల్లో అయిపోతుంది. మాల తీసినవాడు తిట్టవచ్చు, కొట్టవచ్చు. మాల ఉన్నవాణ్ణి మాత్రం తిట్టకూడదు, కొట్టకూడదు, పైగా మొక్కాలి. సమాధానం కళ్ళముందే ఉంది. మరునాడు తెల్లవారకముందే గురుస్వామి ముందు తలస్నానం చేసి నిలబడ్డాను.

"నాకు మాల వెయ్యండి స్వామీ."

"భక్తి పుట్టిందా స్వామీ?"

"పుట్టింది స్వామీ. బాగా పుట్టింది." మూలమేమిటో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కోపం వేడినీళ్ళలాంటిది, వదిలేస్తే అదే చల్లారుతుందని మా పుస్తకాల్లో ఉంది. బావ కోపానికి మూత ఉందన్న సంగతి నేను లెక్కలో వేసుకోలేదు. ఆయన కొండకు వెళ్ళొచ్చి, మాల తీసి, గడియారం పెట్టుకుని, నేరుగా మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో నేను. నల్లబట్టలు, పెరిగిన గడ్డం, మెడలో మాల.

బావ ఎత్తిన చెయ్యి గాలిలో ఆగింది. వెనక అమ్మ, బాపు, వీధిలో పక్కింటివాళ్ళు. ఆ చెయ్యి అట్లాగే కిందికి దిగి నా పాదాలను తాకింది.

"స్వామి శరణం," అన్నాడు పళ్ళ సందునుంచి.

"సుఖీభవ," అన్నాను. అది అవసరం లేదు. కాని అలాంటి అవకాశం జన్మకొకసారి వస్తుంది.

చన్నీళ్ళ స్నానాలకు ఒంట్లో ఎముకలన్నీ విడివిడిగా పరిచయమయ్యాయి. చెప్పుల్లేకుండా లిఫ్టు మిషన్‌రూముల ఇనుప నిచ్చెనలెక్కి పాదాలు కాయలు కాచాయి. అయినా మాల తీసే రోజు దగ్గరపడుతుంటే అందరు స్వాములకూ సంతోషం, నాకు మాత్రం జ్వరం.

ఆ రోజు రానే వచ్చింది. కొండకు వెళ్ళొచ్చాను. పొద్దున పదింటికి అమ్మ చేత్తో మాల తీయించాలని గురుస్వామి చెప్పాడు. ఆ సంగతి బావకు అక్క చేరవేసింది. పుట్టింటి ప్రేమ సంగతి చెప్పాను కదా.

బావ సరిగ్గా పదింటికి వచ్చాడు. తన గడియారం ప్రకారం. ఊరందరి గడియారాల్లో అప్పటికి ఎనిమిదిన్నర. నేను మాలతోనే కూర్చుని ఉన్నాను.

"ఇంక తియ్యలేదా?" బావ చెయ్యి చూసుకున్నాడు, గోడ గడియారం చూశాడు. తర్వాత ఆయన వంగి నా కాళ్ళకు మొక్కాడు. చెయ్యాలి కదా మరి. ఆ తర్వాత గంటన్నర ఎదురుగా కుర్చీలో కూర్చుని నన్నే చూశాడు. అమ్మ అటుకుల ప్రసాదం పెడితే, మెతుకు మెతుకు నములుతూ చూశాడు.

పది కొట్టింది. అమ్మ మాల తీసింది. దేవుడి పటం ముందు పెట్టి, వెనక్కి తిరక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ లేచాడు.

"బామ్మర్దీ." స్వామి పోయింది, బామ్మర్ది తిరిగొచ్చాడు.

"బావా, హైదరాబాదుల షోరూముకు ఇద్దాం. వెనక మూత తీసి ఆ స్ప్రింగు..."

"మూత తియ్యనియ్య. తీస్తే లోపలున్న నా దశ బయటికి పోతది. నీ మొకానికి ఎరుకనా?"

"మరి టైం తప్పు చూపెడ్తది గద బావా!"

బావ నన్ను జాలిగా చూశాడు. చదువుకున్నవాళ్ళను చూసే జాలి. "పిచ్చోడా, దీన్ల టైం ఇగ నేను చూస్తనా? దీన్ని ఊరోళ్ళు చూస్తరు. ఆమడ దూరం నుంచి చూస్తరు. అంకెలు ఎవడు చూస్తడు, బంగారం చూస్తరు."

ఇన్ని వీడియోలు చూసినా నాకు అంతుపట్టని రహస్యం అది. మీగడ రంగు ముఖం, సన్నని ముళ్ళు, తనకు తానే కీ ఇచ్చుకునే నేర్పు, అన్నీ ఒట్టివే. బంగారు గడియారం టైం చూసుకోవడానికి కాదు, చూపించుకోవడానికి.

"మరి టైం గావాలంటే?" అన్నాను.

"గదే చెప్తాన్న. ఆగకుండ చూస్తనన్నవ్ గద? ఇగ నువ్వే నా గడియారం. నేనెప్పుడు ఫోన్ జేస్తే అప్పుడు ఎత్తాలె, టైం చెప్పాలె. ఒక్కసారి ఎత్తకపోయినవో, మీ అక్కను, నన్ను ఈ గడపల చూడవ్."

గడపకవతల బాపు నిలబడి నావంకే చూస్తున్నాడు. "చెప్తడు అల్లుడా, చెప్తడు. వానికేం పని?" అన్నాడు.

అప్పటినుంచి చెబుతూనే ఉన్నాను. లిఫ్టు గోతిలో వేలాడుతూ చెబుతున్నాను, అన్నం ముద్ద నోట్లో ఉండగా చెబుతున్నాను, స్నానాల గది తలుపు సందులోంచి చెయ్యి చాపి ఫోనెత్తి చెబుతున్నాను. మొన్నొకసారి ప్లాట్ల దగ్గర కళ్ళారా చూశాను. కొనవచ్చిన పెద్దమనిషి "టైమెంతయింది శంకర్ గారూ?" అన్నాడు. బావ ఒక చెవిలో ఇయర్‌ఫోను సర్దుకున్నాడు. పదడుగుల దూరంలో చెట్టు చాటున నిలబడి నేను ఫోనులో, "పదకొండు ఇరవై" అన్నాను. బావ కుడిచెయ్యి ఠీవిగా ఎత్తి, రెండు గంటల యాభై చూపిస్తున్న బంగారు గడియారాన్ని తదేకంగా చూసి, "పదకొండు ఇరవై" అన్నాడు. పెద్దమనిషి ఆ గడియారాన్నే చూస్తూ, "ఎంత కరెక్టు టైమండీ!" అన్నాడు. ప్లాటు అమ్ముడుపోయింది.

కాబట్టి సకల జనులకూ విన్నవించునది ఏమనగా: ఇకమీదట నేను బంగారం పూసిన గుండుసూది కనబడినా చేతులు వెనక్కి కట్టుకుంటాను. ఊగే దేనికీ దేన్నీ కట్టను. నాకు అంతా తెలుసు అన్న మాట నోట రానివ్వను. అగ్నిసాక్షిగా, మరమగ్గం సాక్షిగా ఇదే నా ప్రమాణం. ప్రమాణం చేసిన సమయం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఇది నిజమైన టైమేనండీ. ఇప్పుడే బావకు కూడా చెప్పాను.